వేగం దేనికి? ఈవ్ ఆన్‌లైన్ నౌకల్లో ఆఫ్టర్‌బర్నర్, మైక్రోవార్ప్‌డ్రైవ్ లెక్క

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష నౌకల కంప్యూటర్ ఆటలో నా మొదటి రిఫ్టర్ నౌక పోయిన రాత్రి తెర అడుగున కనిపించిన వేగం అంకె ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మైక్రోవార్ప్‌డ్రైవ్ అనే వేగం పెంచే యంత్రం నడుస్తోంది. వేగం సెకనుకు రెండు వేల మీటర్లు దాటింది. ఎదుటి నౌక ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. తెరమీద చిన్న గుర్తు ఒకటి వెలిగింది, అంతే. అంకె 1,900, 1,500, 1,100 అంటూ జారిపోయి నాలుగు వందల దగ్గర నిలిచింది. ఆ తరువాత నా నౌక పేలిపోవడానికి నిమిషం కూడా పట్టలేదు.

నౌకకు బిగించే యంత్రాలను మాడ్యూళ్ళు అంటారు. వేగం పెంచే మాడ్యూళ్ళలో అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నదాన్నే ఎంచుకున్నాను. దానిలో సగం వేగం కూడా ఇవ్వని ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకున్న నౌక నన్ను ఎలా ఓడించింది? ఈ ఆటలోకి కొత్తగా వచ్చిన వాళ్ళు దాదాపు అందరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు. జవాబు ఆట లోపలి సూత్రాల్లోనే ఉంది. కాగితం మీద వేసి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఇక్కడ వేగం రెండు పనులు చేస్తుంది: దూరాన్ని దాటడం ఒకటి, గురి తప్పించుకోవడం రెండోది. ఒక మాడ్యూల్ మొదటి పని చేస్తుంది, మరొకటి రెండో పని చేస్తుంది. ఒకదాని పని రెండోదానితో చేయించబోతే నౌక పోతుంది.

ముందుగా, ఏ వేగం గురించి మాట్లాడుతున్నాం?

ఈవ్ ఆన్‌లైన్‌ను ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ గేమ్స్ సంస్థ తయారు చేసింది. 2003 మే 6న విడుదలైంది. చైనాకు వేరే సర్వర్ ఉంది. మిగతా ప్రపంచమంతా ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వర్‌లో, ఒకే అంతరిక్షంలో ఆడుతుంది. పేలిపోయిన నౌక మళ్ళీ తిరిగి రాదు, ఇంకొకటి కొనుక్కోవలసిందే. అందుకే ఇక్కడి ఆటగాళ్ళు లెక్కలను అంత పట్టుదలగా చూస్తారు.

ఈ ఆటలో వేగాలు రెండు రకాలు. ఒక గ్రహం నుంచి మరో గ్రహానికి పోయేటప్పుడు నౌక ‘వార్ప్’ లోకి వెళుతుంది. ఆ వేగాన్ని సెకనుకు ఇన్ని ఖగోళ ప్రమాణాలు అని కొలుస్తారు. ఒక్కో ప్రమాణం దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు. ఆఫ్టర్‌బర్నర్‌కూ మైక్రోవార్ప్‌డ్రైవ్‌కూ ఈ వేగంతో సంబంధమే లేదు. రెండోదాని పేరులో ‘వార్ప్’ ఉండడం వల్ల చాలామంది పొరబడతారు కాబట్టి దీన్ని ముందే పక్కన పెడదాం. ఇక్కడ మాట్లాడుకునేది సెకనుకు ఇన్ని మీటర్లు అని కొలిచే మామూలు వేగం గురించి. యుద్ధం జరిగేది, మరో నక్షత్ర మండలానికి దారి అయిన స్టార్‌గేట్ వైపు పరుగు తీసేది ఈ వేగంలోనే.

ఇంకో తికమక కూడా ఉంది. నిజమైన అంతరిక్షంలో ఇంజిన్ మండుతున్నంతసేపూ వేగం పెరుగుతూనే పోవాలి కదా, ఇక్కడ ప్రతి నౌకకూ గరిష్ఠ వేగం ఎందుకుంది? ఈ ఆటలో నౌకలు నూనెలాంటి చిక్కటి ద్రవంలో ఈదుతున్నట్టు కదులుతాయి. ఇంజిన్ ఆపితే నెమ్మదిగా ఆగిపోతాయి, నడిపితే ఒక హద్దు దగ్గరికి చేరుకుని అక్కడ స్థిరపడతాయి. భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు ఇది రుచించదు. కానీ హద్దు లేకపోతే ఒకసారి తప్పించుకున్న నౌకను మరెవరూ పట్టుకోలేరు. ఆట సాగాలంటే ఈ చిక్కదనం ఉండి తీరాలి.

ఒక్క సూత్రం

నౌకలో మాడ్యూళ్ళు బిగించే గూళ్ళను స్లాట్లు అంటారు. అవి పై, మధ్య, కింది వరుసల్లో ఉంటాయి. ఈ రెండు మాడ్యూళ్ళూ మధ్య స్లాట్లలో కూర్చుంటాయి. రెండూ ఒకే సూత్రం ప్రకారం నడుస్తాయి:

కొత్త వేగం = మూల వేగం × (1 + మాడ్యూల్ శాతం × నెట్టుడు బలం ÷ మొత్తం బరువు)

మూల వేగం అంటే మాడ్యూల్ నడవనప్పుడు నౌకకు ఉండే గరిష్ఠ వేగం. రెండో తరం ఆఫ్టర్‌బర్నర్ 135 శాతం ఇస్తుంది. మామూలు మైక్రోవార్ప్‌డ్రైవ్ 500 శాతం ఇస్తుంది. చిన్న నౌకలకు, అంటే ఫ్రిగేట్లకు చేసిన రెండింటికీ నెట్టుడు బలం ఒక్కటే, 15,00,000. రెండూ నడుస్తున్నంతసేపు నౌక బరువుకు 5,00,000 కిలోలు కలుపుతాయి.

లెక్క తేలికగా ఉండడానికి ఊహలో ఒక ఫ్రిగేట్ తయారు చేసుకుందాం. బరువు 10,00,000 కిలోలు, మూల వేగం సెకనుకు 400 మీటర్లు. మాడ్యూల్ నడిపితే మొత్తం బరువు 15,00,000 అవుతుంది. బలం కూడా 15,00,000 కనుక భాగహారం 1 వస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌తో 400 × 2.35, అంటే 940 మీటర్లు. మైక్రోవార్ప్‌డ్రైవ్‌తో 400 × 6, అంటే 2,400 మీటర్లు.

నిజమైన నౌకల్లో అంకెలు ఇంత గుండ్రంగా ఉండవు. రిఫ్టర్ బరువు 10,67,000 కిలోలు, మూల వేగం 365 మీటర్లు. ఆటగాడి నైపుణ్యాలు దీనికి తోడవుతాయి. నావిగేషన్ ఐదో మెట్టు చేరితే మూల వేగం 25 శాతం పెరుగుతుంది. యాక్సిలరేషన్ కంట్రోల్ ఐదో మెట్టు మాడ్యూల్ శాతాన్నే 25 శాతం పెంచుతుంది. ఇవన్నీ వేస్తే ఆఫ్టర్‌బర్నర్‌తో దాదాపు 1,190, మైక్రోవార్ప్‌డ్రైవ్‌తో దాదాపు 3,190 మీటర్లు వస్తాయి.

పేర్ల ముందుండే అంకెలు మరో చిక్కు తెచ్చిపెడతాయి. ఆఫ్టర్‌బర్నర్లు 1, 10, 100 మెగాన్యూటన్లనీ, మైక్రోవార్ప్‌డ్రైవ్‌లు 5, 50, 500 మెగాన్యూటన్లనీ పిలుచుకుంటాయి. 5 అంటే 1 కన్నా ఐదింతలు గట్టిగా నెడుతుందనుకుంటాం. అలా కాదు, రెండింటి నెట్టుడూ సమానమే. ఆ అంకెలు ఏ పరిమాణం నౌకకు ఏది అని చెప్పడానికి పెట్టుకున్న గుర్తులు మాత్రమే. మొదటిది ఫ్రిగేట్లకు, రెండోది క్రూజర్లకు, మూడోది బ్యాటిల్‌షిప్‌లకు. తేడా అంతా ఆ 135, 500 శాతాల్లోనే ఉంది.

ఆ 500 శాతానికి చెల్లించే ధర

ఇంతవరకు చూస్తే మైక్రోవార్ప్‌డ్రైవ్‌దే పైచేయి అనిపిస్తుంది. అయితే దానికి మూడు రకాలుగా మూల్యం చెల్లించాలి.

మొదటిది, నౌక విద్యుత్తు నిల్వ. దీన్ని కెపాసిటర్ అంటారు. మైక్రోవార్ప్‌డ్రైవ్ ప్రతి పది సెకన్లకు ఒకసారి దీన్ని గట్టిగా తాగుతుంది. పైగా దాన్ని నడపకపోయినా, ఊరికే బిగించి ఉంచినంత మాత్రాన నిల్వ సామర్థ్యమే తగ్గిపోతుంది. మూడోది స్క్రాంబ్లర్, దాని సంగతి కాసేపట్లో.

రెండోదాని దగ్గర మనం ఎక్కువసేపు ఆగాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. ప్రతి నౌకకూ సిగ్నేచర్ రేడియస్ అనే అంకె ఉంటుంది. శత్రువు యంత్రాలకు ఆ నౌక ఎంత పెద్దగా కనిపిస్తుందో అది చెబుతుంది. మన ఊహా ఫ్రిగేట్‌కు 35 మీటర్లు అనుకుందాం. రిఫ్టర్‌కూ అంతే. మైక్రోవార్ప్‌డ్రైవ్ నడుస్తున్నంతసేపు ఇది 500 శాతం ఉబ్బుతుంది. 35 కాస్తా 210 అవుతుంది. ఆఫ్టర్‌బర్నర్ దీన్ని ఒక్క మీటరు కూడా పెంచదు.

ఉబ్బితే ఏమవుతుంది? ముందు, శత్రువు మనల్ని త్వరగా లాక్ చేస్తాడు. అతని సెన్సర్ సామర్థ్యం 300 అనుకుంటే 35 మీటర్ల నౌకను లాక్ చేయడానికి 7.4 సెకన్లు పడుతుంది. 210 మీటర్ల నౌకకు 3.7 సెకన్లు చాలు. ఆ తరువాత తుపాకి గురి సంగతి.

రైలు కిటికీలోంచి చూసినట్టు

రైలు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు పట్టాల పక్కనున్న కరెంటు స్తంభాలు కళ్ళకు అందకుండా పరుగెడతాయి. దూరంగా ఉన్న కొండ మాత్రం నిలబడినట్టే ఉంటుంది. రైలు వేగం రెండింటికీ ఒకటే అయినా మన తల తిప్పవలసిన వేగం వేరు. ఈ ఆటలో తుపాకీ కష్టం కూడా అదే. లక్ష్యం ఎంత వేగంగా పోతోందన్నది దానికి పట్టదు, తాను ఎంత వేగంగా తిరగవలసి వస్తోందన్నదే ముఖ్యం. దీన్ని కోణీయ వేగం అంటారు. అడ్డంగా పోయే వేగాన్ని దూరంతో భాగిస్తే అది వస్తుంది.

తగిలే అవకాశాన్ని లెక్కించడానికి ముందు ఒక నిష్పత్తి కట్టాలి:

నిష్పత్తి = (కోణీయ వేగం × 40,000) ÷ (తుపాకి ట్రాకింగ్ × లక్ష్యం సిగ్నేచర్)

ట్రాకింగ్ అంటే లక్ష్యం వెంట తిరగడంలో తుపాకికున్న సామర్థ్యం. ఈ నిష్పత్తి వర్గం ఎంత వస్తే అన్నిసార్లు సగాన్ని సగంతో హెచ్చించాలి. నిష్పత్తి 1 అయితే తగిలే అవకాశం సగం. 2 అయితే వర్గం 4, అంటే అవకాశం పదహారో వంతుకు పడిపోతుంది. దూరం ఎక్కువైతే వచ్చే నష్టం వేరే ఉంది. లక్ష్యం తుపాకి అనుకూల దూరంలోనే ఉందనుకుని దాన్ని వదిలేద్దాం.

ట్రాకింగ్ 45 ఉన్న తుపాకి చుట్టూ మన ఫ్రిగేట్ 10 కిలోమీటర్ల దూరంలో గిరగిర తిరుగుతోందనుకోండి. ఏ మాడ్యూలూ నడవకపోతే వేగం 400, కోణీయ వేగం 0.04. నిష్పత్తి 1,600 ÷ 1,575, దాదాపు 1.02. తగిలే అవకాశం 49 శాతం.

ఆఫ్టర్‌బర్నర్ నడిపితే వేగం 940, కోణీయ వేగం 0.094, సిగ్నేచర్ మారలేదు. నిష్పత్తి 3,760 ÷ 1,575, అంటే 2.39. అవకాశం 2 శాతం. నూరు గుళ్ళలో రెండు తగులుతాయి.

ఇప్పుడు మైక్రోవార్ప్‌డ్రైవ్. వేగం 2,400, కోణీయ వేగం 0.24. పైన 9,600 వచ్చింది. కింద 45 × 210, అంటే 9,450. నిష్పత్తి మళ్ళీ 1.02. అవకాశం మళ్ళీ 49 శాతం.

ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. వేగం ఆరింతలు పెరిగింది, సిగ్నేచర్ కూడా ఆరింతలు పెరిగింది, ఒకదానికొకటి చెల్లు. సెకనుకు 2,400 మీటర్లతో దూసుకుపోతున్న నౌక, సెకనుకు 400 మీటర్లతో నింపాదిగా తిరుగుతున్న నౌక, అదే దూరంలో ఆ తుపాకికి ఒక్కలాగే తగులుతాయి. తెరమీద పెద్ద అంకె చూసి నన్నెవరూ కొట్టలేరని నేను పెట్టుకున్న ధీమాకు ఏ ఆధారమూ లేదు.

క్షిపణుల సూత్రం వేరు, అయినా ధోరణి ఇదే. అక్కడ పేలుడు వ్యాసార్థం, పేలుడు వేగం అని రెండు అంకెలుంటాయి. లక్ష్యం సిగ్నేచర్ పెరిగితే నష్టం పెరుగుతుంది, లక్ష్యం వేగం పెరిగితే తగ్గుతుంది. సిగ్నేచర్‌ను వేగంతో భాగించిన ఫలితమే కీలకం. 35 ÷ 400 ఎంతో 210 ÷ 2,400 కూడా అంతే. అదే 35 ÷ 940 అయితే అందులో సగం కన్నా తక్కువ. ఆఫ్టర్‌బర్నర్ ఇచ్చే వేగమే కవచంగా పనిచేస్తుంది. కంప్యూటర్ నడిపే శత్రువులతో పోరాడే మిషన్లలో చాలామంది అనుభవజ్ఞులు ఆఫ్టర్‌బర్నర్‌నే ఎంచుకోవడానికి ఇదొక కారణం.

కొన్ని నౌకలకు దీని నుంచి మినహాయింపు ఉంది. అసాల్ట్ ఫ్రిగేట్లకు మైక్రోవార్ప్‌డ్రైవ్ తెచ్చే ఉబ్బు సగమే. ఇంటర్‌సెప్టర్లకు నైపుణ్యం ఒక్కో మెట్టుకు 15 శాతం చొప్పున తగ్గుతుంది. ఐదో మెట్టులో 500 శాతం ఉబ్బు 125 శాతమే అవుతుంది. మన లెక్కలో సిగ్నేచర్ 210కి బదులు 79 దగ్గర ఆగుతుంది. అదే తుపాకి తగిలే అవకాశం 49 నుంచి ఒక శాతం కన్నా కిందికి పడిపోతుంది. ఇంటర్‌సెప్టర్ అనే నౌకకు విడిగా ఒక ఉనికి ఉన్నదంటే ఈ ఒక్క మినహాయింపు వల్లనే అనవచ్చు.

మరి మైక్రోవార్ప్‌డ్రైవ్ దేనికి?

దూరం కోసం. గేట్ దూకి అవతలికి వెళ్ళిన నౌక సాధారణంగా ఆ గేట్‌కు పన్నెండు కిలోమీటర్ల అవతల తేలుతుంది. శత్రువులు కాచుకుని ఉంటే వెనక్కి పరుగెత్తి, గేట్‌కు 2,500 మీటర్ల లోపలికి చేరి తిరిగి దూకాలి. అంటే తొమ్మిదిన్నర కిలోమీటర్ల పరుగు. వేగం పుంజుకునే సమయాన్ని పక్కన పెడితే, మాడ్యూల్ లేకుండా 24 సెకన్లు, ఆఫ్టర్‌బర్నర్‌తో 10, మైక్రోవార్ప్‌డ్రైవ్‌తో 4 సెకన్లు. ఆ ఆరు సెకన్ల తేడాలో ప్రాణాలు పోయిన నౌకలు లెక్కలేనన్ని.

యుద్ధంలోనూ ఎంత దూరంలో పోరాడాలో నిర్ణయించేది వేగంగా కదిలేవాడే. కబడ్డీ చూసినవాళ్ళకు ఇది వెంటనే అందుతుంది. కూతకు వెళ్ళినవాడు చేయి చాచి తాకేంత దగ్గరగా, పట్టు పడనంత దూరంగా ఆడాలి. ఈవ్‌లో ఆ సన్నటి బాట అంకెల్లో ఉంటుంది. ఎదుటి నౌక వార్ప్‌లోకి పారిపోకుండా ఆపే యంత్రాలు రెండు. రెండో తరం డిస్రప్టర్ 24 కిలోమీటర్ల దాకా అందుతుంది. రెండో తరం స్క్రాంబ్లర్ 9 కిలోమీటర్లకే ఆగిపోతుంది. తొమ్మిదికీ ఇరవైనాలుగుకూ మధ్య ఉన్న బాటలో మైక్రోవార్ప్‌డ్రైవ్ నౌక తిరుగుతూ, డిస్రప్టర్‌తో శత్రువును పట్టి ఉంచి, దూరం నుంచే కొడుతుంది. సెకనుకు 940 మీటర్లతో వెంటపడే నౌకకు అది ఎన్నటికీ చిక్కదు.

పొరపాటున తొమ్మిది కిలోమీటర్ల లోపలికి అడుగు పెడితే స్క్రాంబ్లర్ పడుతుంది. డిస్రప్టర్ వార్ప్‌ను మాత్రమే ఆపుతుంది. స్క్రాంబ్లర్ దానితోపాటు మైక్రోవార్ప్‌డ్రైవ్‌ను కూడా ఆర్పేస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌ను మాత్రం ఏమీ చేయలేదు. దీనికి వెబ్ తోడవుతుంది. రెండో తరం వెబ్ లక్ష్యం వేగంలో 60 శాతం కోస్తుంది. అప్పుడు మైక్రోవార్ప్‌డ్రైవ్ నౌకకు మిగిలేది 400లో నలభై శాతం, 160 మీటర్లు. ఆఫ్టర్‌బర్నర్ నౌకకు 940లో నలభై శాతం, 376 మీటర్లు. కొద్ది క్షణాల క్రితం రెండున్నర రెట్లు వెనకబడి ఉన్న నౌకే ఇప్పుడు రెండు రెట్లకు పైగా ముందుంది. నా రిఫ్టర్ కథ కూడా ఇదే. ఎనిమిది కిలోమీటర్లు అని తెరమీద కనబడుతూనే ఉంది, ఆ అంకెకున్న అర్థం మాత్రం నాకు తెలియదు.

2008లో మారిన నియమం

స్క్రాంబ్లర్‌కు ఈ శక్తి మొదటి నుంచీ లేదు. ఒక కాలంలో వేగాన్ని పెంచే రిగ్‌లు (నౌకకు శాశ్వతంగా చేసే మార్పులు), ఇంప్లాంట్లు (ఆటగాడి పాత్ర తలలో అమర్చే పరికరాలు), తేలిక చేసే మాడ్యూళ్ళు అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, పెద్ద నౌకలను కూడా విపరీతమైన వేగంతో పరుగెత్తించేవారు. ఆటగాళ్ళు దాన్ని ‘నానో’ యుగం అంటారు. వాటిని ఆపగలిగిన ఆయుధం 90 శాతం వేగం కోసే ఆనాటి వెబ్. అది తగిలితే నౌక నిలువునా ఆగిపోయేది, తగలకపోతే చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. 2008 నవంబరులో వచ్చిన క్వాంటమ్ రైజ్ విస్తరణ దీన్ని తిరగరాసింది. వెబ్ బలం తగ్గింది, వేగం పెంచే వాటి ప్రభావం తగ్గింది, స్క్రాంబ్లర్‌కు మైక్రోవార్ప్‌డ్రైవ్‌ను ఆపే శక్తి వచ్చింది.

ఈ మార్పు గురించి పాతకాపుల్లో నేటికీ రెండు మాటలున్నాయి. చిన్న గుంపుగా వెళ్ళి పెద్ద సేనను వేధించగలగడమే ఈ ఆటలో అందమనీ, దాన్ని సాధ్యం చేసిన వేగాన్ని కత్తిరించి సంఖ్యాబలానికే పట్టం కట్టారనీ ఒక వర్గం అంటుంది. ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. పదిమంది ఇరవైమందిని ఎదుర్కోవాలంటే వాళ్ళకున్న దారి వేగమే. ఓడిపోతున్నప్పుడు ఎప్పుడైనా వెళ్ళిపోగల నౌకతో జరిగేది యుద్ధమే కాదనీ, అలాంటి నౌకకు ఎదురు నిలవగల మరో నౌక లేనప్పుడు ఎంపికకు అర్థం లేదనీ రెండో వర్గం అంటుంది. నేను రెండోవైపే మొగ్గుతాను. స్క్రాంబ్లర్ నియమం లేకపోతే ఫ్రిగేట్ యుద్ధంలో ఆఫ్టర్‌బర్నర్‌కు ఈ రోజున్న విలువ ఉండేది కాదు.

పెద్ద ఇంజిన్ చిన్న నౌకలో

పైన చూసిన సూత్రంలో ఒక కన్నం ఉంది. నెట్టుడు బలాన్ని బరువుతో భాగిస్తున్నాం కదా, మరి క్రూజర్‌కు చేసిన ఆఫ్టర్‌బర్నర్‌ను ఫ్రిగేట్‌లో పెడితే? దాని బలం 1,50,00,000, అది కలిపే బరువు 50,00,000 కిలోలు. మన ఫ్రిగేట్ మొత్తం బరువు 60,00,000 అవుతుంది. భాగిస్తే 2.5 వస్తుంది. 1.35ను దానితో హెచ్చిస్తే 3.375. వేగం 400 × 4.375, అంటే 1,750 మీటర్లు. సిగ్నేచర్ ఉబ్బదు, స్క్రాంబ్లర్ ఆపలేదు.

మరి అందరూ ఇదే ఎందుకు చేయరు? మొదటి అడ్డు పవర్‌గ్రిడ్. అంత ఇంజిన్‌కు కావలసిన శక్తి చాలా ఫ్రిగేట్ల దగ్గర ఉండదు, ఉన్నా తుపాకులకు ఏమీ మిగలదు. రెండోది మలుపు. నౌక కొత్త వేగాన్ని అందుకునే సమయం దాని బరువును, జడత్వ గుణకాన్ని బట్టి ఉంటుంది. గుణకం 3 అనుకుంటే, మామూలు ఆఫ్టర్‌బర్నర్‌తో నౌక తన గరిష్ఠ వేగంలో దాదాపు మూడింట రెండు వంతులు అందుకోవడానికి 4.5 సెకన్లు పడుతుంది. పెద్ద ఆఫ్టర్‌బర్నర్‌తో 18 సెకన్లు. నిండుగా ఇసుక నింపిన లారీ ఘాట్ రోడ్డులో మలుపు తిరిగినట్టుంటుంది. తిన్నగా పోతున్నంతసేపు బాగానే ఉంటుంది, దిశ మార్చవలసి వచ్చినప్పుడు శత్రువుకు కావలసినంత సమయం దొరుకుతుంది. అయినా శక్తి ఎక్కువున్న టాక్టికల్ డెస్ట్రాయర్లలో 10 మెగాన్యూటన్లది, టెంగు వంటి స్ట్రాటజిక్ క్రూజర్లలో 100 మెగాన్యూటన్లది పెట్టడం బాగా పేరు పొందిన పద్ధతి. ఇది ఆటను వంచడమేననేవాళ్ళు ఉన్నారు. మూల్యం చెల్లిస్తున్నప్పుడు తప్పేముందనేవాళ్ళూ ఉన్నారు. మలుపుకు చెల్లించే ధర చూశాక రెండో మాటే సబబనిపిస్తుంది.

బరువు, కింది స్లాట్లు, వేడి

సూత్రంలో బరువు భాగించే చోట ఉంది కనుక ఆర్మర్ ప్లేట్ పెట్టిన ప్రతిసారీ మాడ్యూల్ ఇచ్చే లాభం కరుగుతుంది. 2,50,000 కిలోల ప్లేట్ పెడితే మన ఫ్రిగేట్ మైక్రోవార్ప్‌డ్రైవ్ వేగం 2,400 నుంచి 2,114కు దిగుతుంది. షీల్డ్ ఎక్స్‌టెండర్లు బరువు పెంచవు, సిగ్నేచర్ పెంచుతాయి. ఏ రక్షణ ఎంచుకున్నా వేగం తన వాటా వసూలు చేసుకుంటుంది.

కింది స్లాట్లలో పెట్టే ఓవర్‌డ్రైవ్ ఇంజెక్టర్ మూల వేగాన్నే పెంచుతుంది. రెండో తరానిది 12.5 శాతం ఇస్తుంది, బదులుగా సరుకు గదిలో చోటు తగ్గిస్తుంది. నానోఫైబర్ వేగంతోపాటు మలుపునూ మెరుగుపరుస్తుంది, నౌక ఒళ్ళు మాత్రం బలహీనమవుతుంది. ఇవి మూల వేగం మీద పనిచేస్తాయి కాబట్టి, మైక్రోవార్ప్‌డ్రైవ్ నడిచినప్పుడు వీటి లాభం కూడా ఆరింతలవుతుంది. అయితే ఒకే రకానివి పేర్చుకుంటూ పోతే రెండోదానికి 87 శాతం, మూడోదానికి 57 శాతం ఫలితమే దక్కుతుంది, నాలుగోదానికి 28. మూడు ఓవర్‌డ్రైవ్‌లు పెడితే 42 శాతం పెరగాలి, నిజంగా పెరిగేది దాదాపు 34 శాతం.

చాలా మాడ్యూళ్ళను కాసేపు హద్దు మించి నడపవచ్చు. ఆఫ్టర్‌బర్నర్, మైక్రోవార్ప్‌డ్రైవ్ రెండింటి శాతమూ అప్పుడు సగం పెరుగుతుంది. 500 కాస్తా 750 అవుతుంది, మన ఫ్రిగేట్ 3,400 మీటర్లు అందుకుంటుంది. వేడికి మాడ్యూల్ క్రమంగా కాలిపోతుంది కనుక దీన్ని గుప్పెడు సెకన్లకే దాచుకోవాలి.

నౌకను ఒక్క దెబ్బలో వంద కిలోమీటర్లు ముందుకు విసిరే మైక్రో జంప్ డ్రైవ్ కూడా ఉంది. అది వేగం పెంచదు, చోటు మారుస్తుంది. స్క్రాంబ్లర్ దాన్నీ ఆపుతుంది.

రెండూ పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకోవచ్చు. ఒకేసారి ఒకటే నడుస్తుంది. దూరం దాటడానికి మైక్రోవార్ప్‌డ్రైవ్, స్క్రాంబ్లర్ పడ్డాక ఆఫ్టర్‌బర్నర్. దీన్ని డ్యూయల్ ప్రాప్ అంటారు. రెండు పనులూ జరుగుతాయి, కానీ మధ్య స్లాట్లలో రెండు పోయాయి. మూడే స్లాట్లున్న ఫ్రిగేట్‌లో స్క్రాంబ్లర్ పెడితే వెబ్‌కు చోటుండదు. నాలుగు స్లాట్లున్న నౌకల్లో ఇది బాగా కుదురుతుంది. పట్టి ఉంచడం మిత్రుల వంతైన చోట ఇంకా బాగా కుదురుతుంది.

యుద్ధం ఊసే లేని సరుకు నౌకలకు మైక్రోవార్ప్‌డ్రైవ్ మరో పనికి వస్తుంది. వార్ప్‌లోకి వెళ్ళాలంటే నౌక సరైన దిశలో తన గరిష్ఠ వేగంలో 75 శాతం అందుకోవాలి. 1,20,00,000 కిలోల బరువు, 0.9 జడత్వ గుణకం ఉన్న సరుకు నౌకకు దీనికి 15 సెకన్లు పడుతుంది. దాని గరిష్ఠ వేగం 100 మీటర్లనుకుంటే అందుకోవలసింది 75. ఇప్పుడు వార్ప్ ఆజ్ఞ ఇచ్చి, మైక్రోవార్ప్‌డ్రైవ్‌ను ఒక్క విడత, అంటే పది సెకన్లు మాత్రమే నడిపితే వేగం 260 మీటర్ల దాకా వెళుతుంది. నడుస్తున్నప్పుడు గరిష్ఠ వేగమూ పెద్దదే కాబట్టి ఆ 260 కూడా చాలదు. విడత ముగిసిన క్షణంలో గరిష్ఠం తిరిగి వందకు పడిపోతుంది. నౌక 75ను ఎప్పుడో దాటేసి ఉంది కనుక వెంటనే వార్ప్‌లోకి జారుకుంటుంది. పదిహేను సెకన్ల చోట పది. విడత మొదలైన తొలి క్షణంలోనే కనబడకుండా చేసే క్లోక్ కూడా వేసుకుంటే, ఆ పది సెకన్లలో ఎక్కువ భాగం గేట్ దగ్గర కాపు కాసిన వాళ్ళకు ఖాళీ అంతరిక్షమే కనిపిస్తుంది.